రాతి దోషము, చేతి దోషము, నోటి దోషము

రత్నపరీక్ష జైన వర్తకులకు క్రొత్తగా వచ్చిన విద్య కాదు. ఢిల్లీ సుల్తానుల కొలువున నుండిన ఠక్కుర ఫేరు అను శ్రావకుడు క్రీ. శ. 1315 లో ప్రాకృత భాషలో ‘రయణపరిక్ఖా’ అను గ్రంథమును రచించెను. ప్రాచీన రత్నశాస్త్రములు వజ్రమునకు మలము, బిందువు, రేఖ, యవము, కాకపదము అని అయిదు దోషములను పేర్కొన్నవి. ఆ శాస్త్రకారులు గుణములను మాత్రము పొగడి ఊరకొనలేదు. ఒక్కొక్క దోషమునకు ఒక్కొక్క పేరు పెట్టిరి. దోషమును గుర్తింపలేనివాడు గుణమునకు విలువ కట్టలేడు.

సానపట్టు పనిలో, అందును గుబ్బరాళ్ల పనిలో, ఈ మాట ప్రతిదినము రుజువగుచుండును. గుబ్బరాయి యనగా పలకలు దీర్పక, అడుగు చదునుగను, పైభాగము గుబ్బగను నునుపుచేసిన రాయి. దీనినే ఇంగ్లీషువారు కాబోషాన్ అందురు. నిర్మలమైన కెంపునకు, పచ్చకు సామాన్యముగ పలకలు దీర్తురు. మచ్చలు, మసక, సన్నని బీటలు గలవానిని, వెలుతురు చొరనివానిని గుబ్బలుగా చేయుదురు. కావున గుబ్బరాళ్ల పనివాని జీవితమంతయు దోషము గల రాళ్లతోడిదే. దోషము లేని రాయి దొరకవలెనని కూర్చుండినచో అతనికి పనియే దొరకదు.

ఈ దోషములు మూడు విధములు. రాయి భూమిలో పుట్టినప్పుడే దానితో వచ్చినవి రాతి దోషములు. పనివాని తొందరచేత, అజాగ్రత్తచేత వచ్చునవి చేతి దోషములు. రాయి తయారైన పిమ్మట దానిని అమ్ము మాటలో చేరునవి నోటి దోషములు. మొదటిదానికి ఉపాయము కలదు. రెండవదానికి ఓపిక కావలెను. మూడవదానికి వ్రతము తప్ప వేరు మందు లేదు.

1. రాతి దోషము

రాతిని కోయుటకు పూర్వము దానిని చూడవలెను. ఇది చిన్నమాటగా తోచును గాని, చెడిన రాళ్లలో చాలభాగము చూడక కోయుటవలననే చెడును. ముందు రాతిని శుభ్రముగ కడిగి, తడిగానుండగా దీపమునకు ఎదురుగా పట్టి, వెనుకనుండి వెలుతురు వచ్చునట్లు త్రిప్పి చూడవలెను. లోపలి బీట ఒకానొక కోణమున వెండిరేకువలె తళుక్కుమనును. బీటలో గాలి యుండుటయే ఆ మెరుపునకు కారణము. తరువాత రాతిని గుడ్డతో తుడిచి ఆరనీయవలెను. పైభాగమంతయు ఆరినను, పైకి తెరచుకొన్న బీటలో నీరు కొంతసేపు నిలిచి సన్నని నల్లగీతగా కనబడును. ఒకే రాయి తడిగా నున్నపుడు ఒక సంగతి, పొడిగా నున్నపుడు వేరొక సంగతి చెప్పును. రెండును వినవలెను.

కనబడిన ప్రతి గీతయు బీట కాదు. పూర్వమెన్నడో పగిలి, ఆ సందులో వేరొక ఖనిజము నిండి తిరిగి అతుకుకొన్న గీతలు కొన్ని యుండును. వానిపై గోరు పోనిచ్చినపుడు తగులదు, నీరు నిలువదు. వీనిని చూచి భయపడనక్కరలేదు. గోరు తగులునది, నీరు త్రాగునది తెరచిన బీట. అట్టి రాతి పలకను రెండుచేతుల వ్రేళ్లతో పట్టి మెల్లగా వంచి చూచుట పాత పనివారి అలవాటు. విరుగవలసిన రాయి పది గంటల శ్రమ పడిన పిమ్మట విరుగుటకన్న ముందే విరుగుట మేలు.

తరువాతిది గీత గీచుట. దక్కను పీఠభూమి నల్లరాతి పొరలలో దొరకు అకీకు రాళ్లను ఉదాహరణముగా తీసికొనవచ్చును. మహారాష్ట్రలో స్థిరపడిన తెలుగువారికి ఇవి పరిచితములే. అకీకులో వలయములుగ రంగుచారలు, నడుమ స్ఫటికములు నిండిన గుంట, అడ్డముగ ఒకటి రెండు బీటలు ఉండుట సామాన్యము. పనివాడు అచ్చును పలకపై అటునిటు జరిపి, బీట అచ్చునకు వెలుపల పడునట్లుగాని, రంపము పోవు దారిలో పడునట్లుగాని గీత గీయవలెను. రంపము ఎట్లును కొంత రాతిని పొడిచేయును. ఆ పొడియగు భాగము బీటయే అయినచో నష్టము లేదు. ఒక పెద్ద రాతికి ఆశపడి బీటను నడుమ నుంచుకొనుటకన్న, దానిని విడిచి రెండు చిన్న రాళ్లను తీయుట లాభము.

బీటను పూర్తిగ తప్పించుట సాధ్యము కానిచో అది ఎక్కడ నుండవచ్చునో ఆలోచింపవలెను. అడుగు భాగమున, పైకి రానట్టి లోతులేని లోపము అపాయకరము కాదు. గుబ్బశిఖరము మీదుగ అడుగువరకు నిలువుగ దిగు బీట రాతిని రెండుగ చీల్చును. అంచున నున్న బీట కంటికి చిన్నది. కాని ఆభరణమున పొదుగునపుడు లోహపు అంచును రాతిమీదికి నొక్కు బలమంతయు అచ్చటనే పడును. పొదుగు కంసాలి చేతిలో విరిగిన రాయి చాలసార్లు సానవద్దనే విరిగియుండును.

కొన్ని రాళ్లలో తప్పించుకొను స్వేచ్ఛ తక్కువ. తమిళనాట కాంగేయము ప్రాంతమున దొరకు చంద్రకాంతశిల అట్టిది. దీనిలో ఇంచుమించు లంబకోణమున కలిసికొను రెండు చీలుబాట్లున్నవి. దెబ్బ తగిలినను, హఠాత్తుగ వేడిచేసినను ఆ బాటల వెంటనే విచ్చిపోవును. ఇక దాని వెన్నెల కాంతి లోపలి సన్నని పొరలవలన వచ్చునది గనుక, ఆ పొరలకు అనుగుణముగ అడుగును నిలిపినగాని గుబ్బపై కాంతి తేలదు. బీటనుండి తప్పించుటకై రాతిని త్రిప్పినచో వెన్నెల పోవును. వెన్నెలకై నిలిపినచో బీట మిగులును. ఇట్టిచోట పనివాడు పరిమాణమును వదలుకొనవలెను. బీట పోవువరకు రాతిని చిన్నదిచేసి, వెన్నెలను నిలుపుకొనుటయే సరియైన మార్గము.

లోపల కనబడు ప్రతిదియు దోషమే యనుకొనుటయు పొరపాటు. మైసూరు ప్రాంతమున దొరకు నక్షత్రకెంపులో సన్నని సూదులవంటి ఖనిజపు పోగులు మూడు దిక్కులలో అల్లుకొని యుండును. పలకలు దీర్చు కెంపులో అట్టి పోగులు మసకయే. కాని స్ఫటికపు అక్షమునకు అడ్డముగ అడుగును నిలిపి గుబ్బచేసినపుడు, ఆ పోగులే దీపపు వెలుతురున ఆరు కిరణముల నక్షత్రమును చూపును. అక్షము కొంచెము తప్పినచో నక్షత్రము శిఖరమున నిలువక ప్రక్కకు జారును. ఈ రాళ్లకు పొరలుగ విడిపోవు స్వభావము కూడ కలదు గనుక వానిని గట్టిగ అదుమరాదు. అకీకులో చెట్టుకొమ్మలవలె, నాచువలె కనబడు మరకలును ఇట్టివే. అచ్చును మంచిచోట నుంచినచో అవి చిత్రములగును. చెడ్డచోట నుంచినచో మచ్చలుగా మిగులును. ఒక దృష్టితో దోషమైనది మరొక దృష్టితో గుణమగునని అనేకాంతము నెరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు.

ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతపు గరీబుపేట మొదలగు చోట్ల దొరకు ఎర్రని గోమేదజాతి రాయికి, అనగా గార్నెటుకు, దోషము బీటకన్న చీకటి. దళసరిగ నున్నపుడు నల్లగా కనబడును. దానికి పూర్వులు కనిపెట్టిన ఉపాయము అడుగును దోకి పలుచజేయుట. వెలుతురు లోనికి పోయి రంగు విచ్చుకొనును. కాని ఎక్కువగ దోకినచో రాయి గుడ్డుపెంకువలె బలహీనమగును. అందము పెరుగుచున్నకొలది ఆయుష్యము తగ్గునని గుర్తించి తగినచోట చేయి ఆపుటయే నేర్పు.

2. చేతి దోషము

రాతిని పట్టుకొనుటకై దానిని ఒక చిన్న కర్రకొనపై లక్కతో అంటించుట పూర్వపు పద్ధతి. ఇక్కడనే మొదటి చేతి దోషము పుట్టును. చల్లని రాతికి కాగిన లక్కను పెట్టినచో రాయి అంటదు. అంటినను సాన నడుమ ఊడి ఎగిరిపడును. రాతిని ఒక్కసారిగ వేడిచేసినచో పగులును. మెల్లమెల్లగ వేడిచేసి, మెల్లమెల్లగ చల్లారనీయవలెను. చంద్రకాంతమువంటి సుకుమారములకు వేడియవసరము లేని జిగురు ఉత్తమము.

లక్క పురుగులనుండి వచ్చునది గనుక శ్రావకులు విడువవలసిన పదునైదు కర్మాదానములలో లాక్షావాణిజ్యము చేర్చబడినది. రాయి అంటించుటకు నేడు కృత్రిమపు జిగుర్లు దొరకుచున్నవి. మెరుగుపట్టుటకు తోలుకు బదులు కర్రచక్రమును, దళసరి గుడ్డను వాడవచ్చును. పనికి లోటు రాకయే హింస తగ్గు మార్గమున్నపుడు దానిని విడుచుటకు కారణము లేదు.

ఇక అరుగదీయుట. పూర్వము కురువిందపు పొడిని లక్కతో కలిపి పోసిన చక్రమును వింటిత్రాటితో త్రిప్పుచుండిరి. ఇప్పుడు సిలికాన్ కార్బైడు చక్రములు, వజ్రపుపొడి చక్రములు మోటారుతో తిరుగుచున్నవి. పొడి ముతకనుండి మెత్తనకు వరుసగా పోవలెను: 80 లేక 100 నంబరుతో రూపు, 220 తో నునుపు, 400, 600, 1200 లతో గీతలు తీయుట, తుదకు సీరియం ఆక్సైడు, అల్యూమినియం ఆక్సైడు వంటి మెరుగుపొడి. అకీకు కాఠిన్యము ఇంచుమించు 7, చంద్రకాంతము 6 నుండి 6½, కెంపు 9. అకీకునకు చాలు పొడి కెంపునకు చాలదు. కెంపుపై వజ్రపుపొడి త్వరగ పనిచేయును.

క్రొత్తవారిని మోసపుచ్చు దోషము గీత. 220 నంబరున మిగిలిన గీత 600 వద్ద కనబడక, మెరుగు వచ్చిన పిమ్మట వెండ్రుకవలె బయలుపడును. అప్పుడు చాలమంది మెరుగుపొడితో గంటలకొలది రుద్దుదురు. మెరుగు గీతను తీయదు. గీతకును మెరుగు పెట్టును. చేయవలసినది వెనుకకు పోవుట. ఏ మెట్టువద్ద గీత మిగిలెనో ఆ మెట్టునకు దిగి, అక్కడనుండి మరల ఎక్కవలెను. ఇది మనసునకు కష్టముగా నుండును గాని కాలము కలిసివచ్చు మార్గమిదియే.

అసలు గీత మిగులకుండుటకు మూడు జాగ్రత్తలున్నవి. ప్రతి మెట్టున రాతిని కడిగి, తుడిచి, పొడిగ చూడవలెను. నీరు బీటను చూపును గాని గీతను కప్పును; తడిరాయి ఎల్లప్పుడు మెరయుచునే యుండును. రెండవది, ఒక మెట్టున ఒక దిక్కుగ రుద్దినచో మరుసటి మెట్టున దానికి అడ్డముగ రుద్దవలెను. అప్పుడు పాతగీత ఏదైన మిగిలినచో క్రొత్తవానికి అడ్డముగ నిలిచి పట్టుబడును. మూడవది, పొడి మార్చినపుడెల్ల రాతిని, కర్రను, చేతులను, గోళ్ల సందులను కూడ కడుగవలెను. మెత్తని పొడిలో పడిన ఒక్క ముతక రేణువు పూటపనిని పాడుచేయును.

గుబ్బపై అక్కడక్కడ చదునుగ మిగులుట మరియొక దోషము. దీపపు నీడను గుబ్బపై పడనిచ్చి రాతిని మెల్లగ త్రిప్పినచో, వెలుగుగీత పాకునట్లు సాఫీగ జరుగవలెను. ఎక్కడ అది తునిగి గంతువేయునో అక్కడ చదునున్నది. దీనిని 220 వద్దనే సరిచేయవలెను. ఒకేచోట ఒత్తిపట్టక రాతిని నిరంతరము దొర్లించుచుండినచో ఈ దోషము రాదు. మెత్తని, గట్టి ఖనిజములు కలిసిన రాళ్లలో, ఉదాహరణమునకు లాజవర్దములో, మెత్తనిది ముందు అరిగి గుంటలు పడును. అట్టిచోట బలము తగ్గించి, మెత్తని గుడ్డకు బదులు గట్టి చక్రముపై పదునైన పొడితో పని ముగింపవలెను. నీరు లేక మెరుగుపట్టినచో వేడి పుట్టి, రాతిలో నిద్రించుచున్న బీట మేల్కొనును. తుదకు అడుగు అంచును సన్నగ ఏటవాలు చేయుట మరువరాదు. వాడిగా మిగిలిన అంచు పొదుగునపుడు పెచ్చులూడును.

తొందరవలన రాయి చెడుటకు ఖంభాత్ పనివారు చెప్పునట్టి పాఠము మేలైనది. గుజరాతులోని ఆ పట్టణమున అకీకు రాళ్లను ఎర్రబరచుటకై ముందు చాలదినములు ఎండలో నుంచి, తరువాత మట్టికుండలలో పెట్టి కాల్చుదురు. లోపలి ఇనుము వేడికి మారి ఎర్రరంగు తేలును. ఎండ చాలక తేమ మిగిలిన రాయి కుండలో పగులును.

ఆ ఖంభాత్ పట్టణమే వేరొక కఠినమైన పాఠమును కూడ చెప్పుచున్నది. పొడిగ సానపట్టునపుడు లేచు సన్నని రాతిధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అను వ్యాధిని కలిగించును. దానిని కుదుర్చు మందు లేదు. అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థవారు అకీకు పనివారిలో ఈ వ్యాధిని పరిశీలించిరి. సానపట్టువారికే కాక ఆ ధూళి సోకు ఇరుగుపొరుగులకు కూడ అపాయమున్నట్లు తేలినది. రాతి దోషమును తీయబోయి మనిషిలో దోషమును పెట్టుట ఏ ధర్మమునకును సమ్మతము కాదు. ఎల్లప్పుడు తడిగ సానపట్టుట, ధూళిని లాగు యంత్రము, ముఖమునకు తగిన తొడుగు, పిల్లలను పనిచోటికి రానీయకుండుట, ఇవి ఖర్చులు కావు. రాతిని తయారుచేయించి కొను వర్తకుడు ఈ ఏర్పాటులున్నవో లేవో అడిగి తెలిసికొనుట అహింసావ్రతములోని భాగమే.

3. నోటి దోషము

ఒక సందర్భమును ఊహింపవచ్చును. ఒక గుబ్బకెంపు తుదిమెరుగునకు వచ్చినది. ఆభరణమునకు ముహూర్తము దగ్గరపడినది, బయానా ముట్టినది. అప్పుడు శిఖరము ప్రక్కన వెండ్రుకవంటి బీట బయలుపడెను. పనివాని ముందు మూడు దారులున్నవి. వెనుకకు పోయి బీట పోవువరకు చిన్నదిచేయుట మొదటిది; బరువు, వెల తగ్గును, గడువు తప్పవచ్చును. బీటతోనే ఇచ్చి, బీట యున్నదని చెప్పి, తగిన వెల పుచ్చుకొనుట రెండవది. సందులో ఏదో నింపి, మెరుగుపెట్టి, మాటాడకుండుట మూడవది. మూడవదానికి పట్టునది అరగంట. కొనువాని కంటికి ఆ దినమున ఏ భేదమును తెలియదు.

నింపుటలో విద్య లేకపోలేదు. పచ్చలకు నూనెపట్టించుట చాలకాలముగ నున్న ఆచారము. బీటలోని గాలి వెలుతురును త్రిప్పికొట్టును గనుక బీట కనబడును. పచ్చ వక్రీభవన గుణకము ఇంచుమించు 1.57, దేవదారుజాతి నూనెది ఇంచుమించు 1.51. రెండును దగ్గరగా నున్నందున నూనె నిండిన బీట కంటికి మరుగగును. కాని మరుగగుట వేరు, మానుట వేరు. ఏండ్లు గడచినకొలది నూనె ఆరును. వేడినీట, సబ్బునీట కడిగినచో త్వరగ పోవును. బీట మరల తలచూపును. కెంపుబీటలలో సీసపు గాజును నింపు పద్ధతి 2004 నాటికి రత్నపరీక్షకుల దృష్టికి వచ్చినది. ఆ గాజు కంసాలి మంటకు చెడును. నిమ్మరసము తగిలినను కొరుకుపడును. ఏమియు తెలియక కొన్న ఇల్లాలు పండుగకు నగను చింతపండుతోనో నిమ్మకాయతోనో తోమినచో ఏమగునో చెప్పనక్కరలేదు.

నూనెపట్టించుట స్వయముగ పాపమని చెప్పుట ఇక్కడి తాత్పర్యము కాదు. చెప్పి చేసినది సంస్కారము. చెప్పక చేసినది మోసము. రాతి వెనుక ఎర్రరేకు నుంచి పొదుగుటయు అట్టిదే. కుందకుందాచార్యుడు ‘సమయసారము’న స్ఫటికమును దృష్టాంతముగ చెప్పెను. ప్రక్కనున్న ఎర్రని వస్తువు వలన స్ఫటికము ఎర్రగా తోచునే గాని అది స్ఫటికపు స్వభావము కాదు. అనంతపురము జిల్లాలోని కొనకొండ్ల ఆ ఆచార్యుని ఊరని ప్రసిద్ధి. ఆత్మనుగురించి చెప్పిన ఆ దృష్టాంతము అంగడిలోని రాతికి కూడ సరిపోవును. రేకు రంగును రాతి రంగుగ అమ్మరాదు.

ఉమాస్వాతి ‘తత్త్వార్థసూత్రము’ ఏడవ అధ్యాయమున అచౌర్యవ్రతమునకు అయిదు అతిచారములను చెప్పెను. వానిలో తప్పుడు కొలతలు, తూకములు ఒకటి. ప్రతిరూపక వ్యవహారము, అనగా మంచి సరుకువలె కనబడు వేరొక సరుకును దాని పేర చెల్లించుట, మరొకటి. నింపిన కెంపును నింపని కెంపుగ అమ్ముట ఈ రెండవదానికి సరిగ్గ తగిలియున్నది. గమనింపవలసిన దేమనగా, ఆచార్యుడు దీనిని అసత్యముక్రింద గాక చౌర్యముక్రింద చేర్చెను. అమ్మువాడు నోరు తెరచి అబద్ధమాడకున్నను, కొనువాని ధనమును అతడు ఇయ్యదలచని దానికై పుచ్చుకొనెను. నోటి దోషము పలుకుటవలననే కాదు, పలుకకుండుటవలన కూడ పుట్టును.

నిజము చెప్పినవానికి నష్టము లేదని చెప్పుట తేలిక. అది ఎల్లప్పుడు నిజము కాదు. బీటను చెప్పినందువలన బేరము పోవచ్చును. చిన్నదిచేసిన రాయి బరువు తిరిగి రాదు. వ్రతమనగా ఆ నష్టమును ముందే లెక్కలో చేర్చుకొనుట. అందుచేతనే తెలివిగల పనివాడు నిజాయితీని తుదిఘడియ కొరకు దాచుకొనడు. ముడిరాతిని తడిపి చూచుటతో దానిని ప్రారంభించును. ముందు చూచినవానికి తరువాత దాచవలసినది తక్కువ.

పని నేర్చుకొను యువకులు గుర్తుంచుకొనవలసినవి:

1. కోయుటకు ముందు రాతిని తడిపి ఒకసారి, ఆరబెట్టి ఒకసారి చూడవలెను.
2. బీటను అచ్చునకు వెలుపల నుంచవలెను. సాధ్యము కానిచో అంచుననుగాని శిఖరముననుగాని ఉంచరాదు.
3. పరిమాణముకన్న దృఢత్వము మేలు. వ్యర్థముగ రాతిని, నీటిని పోగొట్టుట అనర్థదండమని మరువరాదు.
4. గీత కనబడినచో మెరుగు నాపి, ఆ గీత పుట్టిన మెట్టునకు దిగవలెను.
5. ఎన్నడును పొడిగ సానపట్టరాదు.
6. నూనె, గాజు, జిగురు, రేకు ఏది చేర్చినను రశీదుమీద వ్రాసి యియ్యవలెను.

రాతి దోషము రాయిని పుట్టించిన భూమిది. దానికి పనివాడు బాధ్యుడు కాడు. చేతి దోషము అతనిదే. కాని మరల సానకు పోయినచో అది తీరును. నోటి దోషమునకు వెనుకకు పోవు మెట్టు దొరకుట కష్టము. రాయి కొనువాని ఇంటికి చేరియుండును, నమ్మకము దానితోకూడ పోయియుండును. కనుక ఏ రాతినైన అంగడి పళ్లెములో పెట్టుటకు ముందు దానిని కడపటిసారి పొడిగుడ్డతో తుడిచి, దీపమునకు ఎదురుగ పట్టి, కనబడినది కనబడినట్లు చెప్పవలెను.